మూసీని కొలిచిన మేధావి – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మహోపద్రవం సంభవించినప్పుడు కొందరు భయంతో ఏ పనీ తలపెట్టరు. మరికొందరు తొందరపడి తోచిన పని చేస్తారు. తెలిసినదెంతో, తెలియనిదెంతో లెక్కవేసుకొని, ఆపై నిబ్బరంగా అడుగువేసేవారు బహు అరుదు. అట్టి కార్యదక్షులలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య అగ్రగణ్యులు. హైదరాబాదు నగరం ఆయనకు ఎంతగానో ఋణపడి ఉన్నది.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్ళిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామస్థులు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన, పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో బి.ఏ. పట్టం పొందారు. మైసూరు ప్రభుత్వ సహాయంతో పూనాలో ఇంజినీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. 1903లో ఖడక్వాస్లా జలాశయానికి ఆయన అమర్చిన తలుపులు వరద మితిమీరినప్పుడు వాటంతట అవే తెరుచుకొనేవి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే అధిక జలం నిలిచింది.

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచెత్తింది. సుమారు 15,000 మంది అసువులు బాసినట్లు అంచనా. అఫ్జల్‌గంజ్ చెంత ఒక చింతచెట్టు నాశ్రయించి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్న ఉదంతాన్ని నగరవాసులు నేటికీ చెప్పుకొంటారు. అప్పుడు ఐరోపా పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం ఆహ్వానించింది. 1909 ఏప్రిల్‌లో ఆయన పని ప్రారంభించారు.

ఇంతటి వరద మరల ఎప్పుడు వచ్చునో, ఎంత వచ్చునో చెప్పగలవారు లేరు. నగరంలో గట్లు పెంచితే చాలునా? నీటిని ఎగువనే ఆపవలెనా? పొరపాటు జరిగితే మూల్యం వేలాది ప్రాణాలు. విశ్వేశ్వరయ్య ముందుగా జరిగినదేమిటో నిర్ధారించడానికి పూనుకొన్నారు. నగరానికి ఎగువన నదికి నీరు చేర్చే భూమి సుమారు 860 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులు ఉండగా, 221 తెగిపోయాయి. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాల వర్షం కురిసింది. నదీప్రవాహం సెకనుకు 4,25,000 ఘనపుటడుగులకు చేరినట్లు గణించారు. ఎగువ చెరువు తెగగా ఆ పోటుకు దిగువ చెరువు తెగి, వరద అంతకంతకు పెరిగిందని దీనివలన స్పష్టమైనది.

ఒక్క ప్రాంతపు అనుభవం చాలదని తలచి బొంబాయి, మద్రాసు రాష్ట్రాల వర్షపాత వివరాలను సైతం పరిశీలించారు. అందుచేత ఆయన సలహాను అమలుపరచవలసిన ఇంజినీర్లకు, ఒక పెద్దమనిషి మాటకు మారుగా, తాము సరిచూచుకొనగల అంకెలు ఆధారమైనవి.

1909 అక్టోబరులో నివేదిక సమర్పించారు. మూసీపై ఒకటి, దాని ఉపనది ఈసాపై ఒకటి జలాశయాలు కట్టి, వరదనీటిని నిలిపి, నది భరించగలిగినంతే దిగువకు విడువవలెనని సూచించారు. నగరంలో గట్లు పెంచి, తీరాన ఉద్యానవనాలు వేయవలెనన్నారు. ఆయన మైసూరు వెళ్ళిపోయిన తరువాత ఇతరులు ఈ పనిని నెరవేర్చారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. రెండవదాని నిర్మాణంలో హైదరాబాదు ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ కృషి చిరస్మరణీయం. నిర్ణయానికి కారణాలు కాగితంపై స్పష్టంగా ఉన్నందుననే, నిర్ణయించినవారు దూరమైనా పని ఆగలేదు. ఆ జలాశయాలే దశాబ్దాలపాటు నగరం దాహం తీర్చాయి.

విశ్వేశ్వరయ్య 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న పొందారు. నిండు నూరేళ్ళు జీవించి 1962లో కన్నుమూశారు. ఆయన జన్మదినాన్ని ఇంజినీర్ల దినంగా జరుపుకొంటున్నాము.

2020 అక్టోబరులో హైదరాబాదు మరల నీట మునిగింది. చెరువులను, నాలాలను పూడ్చి ఇండ్లు కట్టినచోట నీరు తన పాత దారిని వెదుక్కొన్నది. 788 చెరువులను లెక్కపెట్టిన ఆ మహనీయుని శ్రద్ధను మనం మరచిన ఫలితమిది.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు రేపు ఇంజినీర్లుగా, వైద్యులుగా, అధికారులుగా ఇతరుల క్షేమానికి సంబంధించిన నిర్ణయాలు చేయవలసి ఉంటుంది. అన్నీ తెలిసిన రోజు ఎన్నటికీ రాదు. తెలియదని ఒప్పుకొనడానికి సిగ్గుపడకండి. కొలవగలిగినదాన్ని కొలవకుండా నిర్ణయించడానికి మాత్రం తప్పక సిగ్గుపడండి.