మత్తు నుంచి లేచిన సెనెకా పెద్ద: హ్యాండ్సమ్ లేక్ జీవితం

ఆగస్టు 9న మనమంతా ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటాం. డప్పు, థింసా, కొమ్ము నృత్యంతో ఊరేగింపులు చేస్తాం. ఆ మర్నాడు, ఆగస్టు 10, అమెరికాలోని ఒక ఆదివాసీ పెద్దమనిషి వర్ధంతి. ఆయన పేరు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. అరవై ఏళ్లు దాటాక తాగుడు మానేసి, తన జాతి చేత కూడా మాన్పించిన మనిషి ఆయన. సారా వల్ల ఇల్లు చెదిరిన కుటుంబాల పిల్లలను మేము వసతి గృహాల్లో ఏటా చూస్తూనే ఉంటాం. అందుకే ఈ సంచికలో ఆయన కథ చెప్పాలనుకున్నాం.

పుట్టుక, జాతి

ఆయన 1735లో జెనెసీ నది ఒడ్డున కనవాగస్ అనే ఊళ్లో పుట్టాడు. ఆ ప్రాంతం ఇప్పుడు అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది. ఆయన జాతి సెనెకా. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతులు కలిసిన కూటమిని హోడెనొషోనీ అంటారు. పొడవాటి ఇల్లు కట్టుకున్న జనం అని ఆ మాటకు అర్థం. ఒకే ఇంట్లో పొయ్యి పక్కన పొయ్యి పెట్టుకుని చాలా కుటుంబాలు కలిసి బతికేవి. ఆరు జాతులూ ఒకే కప్పు కింద ఉన్నట్టు వాళ్ల భావన.

మన మన్యంలో కిల్లో వాళ్లకు పులి, పాంగి వాళ్లకు గద్ద, వంతల వాళ్లకు నాగు ఉన్నట్టే వాళ్లకూ తోడేలు, తాబేలు, ఎలుగుబంటి లాంటి గోత్రాలు ఉన్నాయి. అయితే అక్కడ బిడ్డకు తల్లి గోత్రమే వస్తుంది. భూమి, పంట, ఇల్లు ఆడవాళ్ల చేతిలో ఉండేవి. పెద్దరికం ఎవరికి ఇవ్వాలో గోత్రంలోని పెద్ద ముత్తవ్వలే తేల్చేవారు. గన్యోదైయో అనేది అలాంటి ఒక పెద్దరికం పేరు. అందమైన సరస్సు అని దాని అర్థం. ఇంగ్లీషులో హ్యాండ్సమ్ లేక్ అన్నారు. ఆయన ఆ పేరుతోనే చరిత్రకెక్కాడు. కార్న్‌ప్లాంటర్ అనే పేరుమోసిన నాయకుడు ఆయనకు ఒకే తల్లి కడుపున పుట్టిన తమ్ముడు.

భూమి పోయింది, సారా వచ్చింది

ఆయన యువకుడిగా ఉన్నప్పుడు సెనెకాలు బలమైన జాతి. వేటగాళ్లు, యోధులు, మొక్కజొన్న పండించే రైతులు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వాళ్లలో ఎక్కువమంది బ్రిటిష్ వారి పక్షాన పోరాడారు. అందుకు ప్రతీకారంగా 1779లో జార్జి వాషింగ్టన్ పంపిన సైన్యం ఆ కూటమి ఊళ్లను దాదాపు నలభై తగలబెట్టింది. పంటలు కాల్చారు, పండ్ల తోటలు నరికారు. వాషింగ్టన్‌ను సెనెకాలు ఊళ్లు నాశనం చేసేవాడు అని పిలిచేవారు.

యుద్ధం ముగిశాక ఒప్పందాల పేరిట భూమి పోయింది. 1797లో బిగ్ ట్రీ దగ్గర జరిగిన ఒప్పందంలో సెనెకాలు లక్ష డాలర్లకు తమ నేలలో చాలా భాగం వదులుకున్నారు. వాళ్లకు మిగిలినవి 11 ముక్కలు. అడవి తరిగింది, వేట తగ్గింది, యోధులకు పని లేకుండా పోయింది. ఆ ఖాళీలోకి సారా వచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మనకు ఇప్పపువ్వు, జీలుగు కల్లు అడవి ఇచ్చినవి. పండుగలో, పెళ్లిలో, చావులో, దేవతలకు ధార పోయడంలో వాటికి ఒక చోటు, ఒక కొలత ఉన్నాయి. సెనెకాలకు విస్కీ, రమ్ము వ్యాపారులు తెచ్చినవి. వాటిని ఎప్పుడు ఆపాలో చెప్పే ఆచారం వాళ్ల దగ్గర లేదు. చలికాలమంతా వేటాడి కూడబెట్టిన తోళ్లు పిట్స్‌బర్గ్‌లో పీపాల సారాగా మారి ఊరికి తిరిగి వచ్చేవి. మనకు కూడా కొలత చెడి, పండుగ తాగుడు రోజువారీ తాగుడైన చోట జరిగేది అదే.

హ్యాండ్సమ్ లేక్ కూడా మునిగిపోయాడు. తమ్ముడి ఊళ్లో, అలెగెనీ నది ఒడ్డున ఒక చిన్న ఇంట్లో, కూతురి సంరక్షణలో మంచం పట్టాడు. నాలుగేళ్లు అలా పడి ఉన్నాడని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. ఆయనకు జాతి పాటలన్నీ వచ్చు. చనిపోయినవారి కోసం పాడే పవిత్రమైన పాటలను తాగిన మత్తులో పాడేవాడు. తన జబ్బుకు కారణం అదేనేమోనని తర్వాత కుమిలిపోయాడు. మంచంలో ఉండగానే ఆయనలో ఒక మార్పు మొదలైంది. ప్రతి ఉదయం వెలుగు చూసినప్పుడు, మరో రోజు ఇచ్చినందుకు సృష్టికర్తకు మనసులో కృతజ్ఞత చెప్పుకునేవాడు. లేచి నిలబడే బలం లేని మనిషి చేయగలిగిన ప్రార్థన అది.

1799 జూన్

ఆ ఏడాది వసంతంలో వేటగాళ్లు పీపాలతో ఊళ్లోకి వచ్చారు. వారాల తరబడి ఊరు తాగింది. కొట్లాటలు జరిగాయి. ఆడవాళ్లు పిల్లలను తీసుకుని అడవిలో దాక్కున్నారు. మత్తు దిగాక పెద్దలు సభ పెట్టి, ఇకపై సారా ఊళ్లోకి రానివ్వకూడదని తీర్మానించారు. అంటే హ్యాండ్సమ్ లేక్ మారకముందే ఊరు మారాలని కోరుకుంది. ఇది మనం గుర్తుంచుకోవాలి.

జూన్ 15న ఆయన గుడిసె గుమ్మం దాకా వచ్చి కుప్పకూలాడు. బయట కూతురు, అల్లుడు విత్తనాల కోసం చిక్కుళ్లు బాగుచేస్తున్నారు. తండ్రి చనిపోయాడనుకుని బంధువులకు కబురు పంపారు. బ్లాక్‌స్నేక్ అనే మేనల్లుడు వచ్చి శరీరమంతా తడిమి చూశాడు. ఛాతీ మీద ఒకచోట వెచ్చగా తగిలింది. ఇంకా పోలేదని చెప్పి పక్కనే కూర్చున్నాడు. కొన్ని గంటలకు హ్యాండ్సమ్ లేక్ కళ్లు తెరిచాడు.

తనకు ముగ్గురు దూతలు కనిపించారని చెప్పాడు. చక్కని దుస్తులు, ఒక చేతిలో విల్లంబులు, మరో చేతిలో పండ్ల కొమ్మలు. సృష్టికర్త తమను పంపాడని, మొదటి చెడు సారా అని, దాన్ని వదలాలని వాళ్లు చెప్పారట. ఆ కాలంలో పండే స్ట్రాబెర్రీ పండ్లు తినమని, ఆ పండ్ల పండుగను ఏటా మానకుండా జరపమని కూడా చెప్పారు. సారా గిన్నె తీసేసిన చేతిలో పండ్ల రసం గిన్నె పెట్టారు. మనం కొత్త పంట వచ్చినప్పుడు దేవతలకు పెట్టి తిన్నట్టే వాళ్లకూ ఆ పండుగ ఉంది, ఇప్పటికీ జరుగుతోంది.

అదే ఏడాది ఆగస్టులో రెండో దర్శనం కలిగింది. దూతలు ఆయనను ఆకాశ మార్గాన తీసుకెళ్లారు. తాగుబోతు అక్కడ కరిగిన లోహం తాగుతున్నాడు. భార్యను కొట్టేవాడు ఎర్రగా కాలిన బొమ్మను కొడుతూ, ఎగిసిన నిప్పురవ్వలకు తానే కాలుతున్నాడు. విన్నవాళ్లు ఆ దృశ్యాలను మరచిపోలేదు.

ఆయన చుట్టూ నిలబడినవాళ్లు

దర్శనం ఒక్కటే ఆయనను నిలబెట్టిందని మేము అనుకోవడం లేదు. తాగుబోతు ముసలివాడి మాట అని ఊరు నవ్వి ఉంటే కథ అక్కడే ముగిసేది. ఎవరూ నవ్వలేదు. తమ్ముడు కార్న్‌ప్లాంటర్ ఊరంతటినీ పిలిచి అన్న మాటలు వినిపించాడు. కూతురు ఇన్నేళ్లూ విసుగు లేకుండా చూసుకుంది. మేనల్లుడు చివరిదాకా వెంట ఉన్నాడు.

1798లో ఫిలడెల్ఫియా నుంచి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు యువకులు ఆ ఊరికి వచ్చి ఉన్నారు. వాళ్లలో హెన్రీ సిమన్స్ పిల్లలకు చదువు చెప్పేవాడు. హ్యాండ్సమ్ లేక్ దర్శనం గురించి పెద్దలు ఆయన అభిప్రాయం అడిగారు. ఆయన ఎగతాళి చేయలేదు, ఇలాంటివి తమ జనంలోనూ జరుగుతాయని చెప్పాడు. మతం మారమని క్వేకర్లు ఒత్తిడి చేయలేదు. నాగలి, కమ్మరం, వడ్రంగం నేర్పారు. అక్కడ సేద్యం ఆడవాళ్ల పని, గునపంతో చేసేవారు. మగవాళ్లు నాగలి పట్టడానికి సిగ్గుపడ్డారు. అందుకని కొంత నేల నాగలితో, కొంత గునపంతో సాగు చేసి దిగుబడి పోల్చి చూశారు. నాగలి గెలిచింది. సారా వదిలిన చేతులకు పని దొరికింది.

ఆయన బోధను గైవియో అంటారు. మంచి మాట అని అర్థం. తప్పు చేసినవాళ్లు ఆయన ముందు ఒంటరిగా గానీ, అందరి ముందు గానీ ఒప్పుకోవచ్చు. ఒప్పుకుని మళ్లీ చేయనని చెప్పినవాణ్ని జాతి వెలివేయకూడదు. భార్యాభర్తలు కలిసి ఉండాలి, పిల్లలను హింసించకూడదు, అమ్మానాన్నల తప్పును ఎత్తిచూపిన బిడ్డ మాట వినాలి, అనాథలను చేరదీయాలి, ముసలివారిని చూసుకోవాలి. సారా పోయిన చోట ఏం నింపాలో ఇవన్నీ చెబుతాయి.

1802లో ఆయన వాషింగ్టన్ నగరానికి వెళ్లి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌ను కలిశాడు. తమ భూమి గురించి, సారా వ్యాపారం గురించి మొరపెట్టుకున్నాడు. ఆదివాసీలకు మద్యం అమ్మకాన్ని అడ్డుకునే అధికారం అధ్యక్షుడికి ఇచ్చే చట్టం అదే ఏడాది వచ్చింది. నవంబరులో జెఫర్సన్ ఆయన కృషిని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. తరువాతి ఏళ్లలో అలెగెనీ ఊళ్లకు వచ్చిన క్వేకర్లు అక్కడ తాగుడు చాలావరకు తగ్గిపోయిందని నమోదు చేశారు.

ఆయన పొరపాట్లు

మహనీయుల కథల్లో ఈ భాగం దాటేయడం అలవాటు. మేము దాటేయదలచుకోలేదు. హ్యాండ్సమ్ లేక్ చేతబడిని గట్టిగా నమ్మాడు. జబ్బులకు, గొడవలకు మంత్రగత్తెలు కారణమని కొందరిని వేలెత్తి చూపాడు. తనతో విభేదించిన రెడ్ జాకెట్ అనే నాయకుడిపైనా ఆ నింద వేశాడు. పక్క జాతి వారితో తగవు వచ్చింది. తమ్ముడితోనూ చెడి, 1803లో కోల్డ్ స్ప్రింగ్ అనే చోటికి, తర్వాత టొనవాండాకు వెళ్లిపోయాడు. ఆయన మాట చాలాచోట్ల పలుకుబడి కోల్పోయింది. చిల్లంగి పెట్టారనే అనుమానంతో మన గూడేల్లో ఎంత నష్టం జరిగిందో మీకు తెలుసు. తాగుడు మానిన మనిషి అన్నిటిలోనూ సరైనవాడైపోడు. మంచి మాట తీసుకుందాం, అనుమానం వదిలేద్దాం.

చివరి ప్రయాణం

1815లో ఒనొండాగా ప్రజలు రమ్మని పిలిచారు. ఆ ప్రయాణం నుంచి తాను తిరిగి రానని ఆయనకు తోచిందని చెబుతారు. అయినా కాలినడకన బయలుదేరాడు. దారిలో ఇష్టమైన కత్తి పోగొట్టుకున్నాడు. ఒనొండాగా చేరేసరికి జబ్బుపడి, ఒక చిన్న ఇంట్లో ఆగస్టు 10న కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు. మంచం మీద చావాల్సిన మనిషి పదహారేళ్లు అదనంగా నడిచాడు.

ఆయన బోధ రాతలో పుట్టలేదు. మనవడు జెమ్మీ జాన్సన్ లాంటివారు నోటితో నిలబెట్టారు. 1913లో సెనెకా వంశీయుడైన ఆర్థర్ పార్కర్ దాన్ని ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. 1960లలో కింజువా ఆనకట్ట కట్టినప్పుడు కార్న్‌ప్లాంటర్ ఊరు, సెనెకాల నేల దాదాపు పదివేల ఎకరాలు నీట మునిగాయి. పోలవరం ముంపు ఊళ్ల పిల్లలకు ఆ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు. ఊరు మునిగినా మంచి మాట మునగలేదు. పొడవాటి ఇళ్లలో ఇప్పటికీ రోజుల తరబడి దాన్ని చెప్పుకుంటారు.

మనకు ఏం చెబుతోంది

ఇలాంటి పెద్దలు మన దగ్గరా ఉన్నారు. 1914లో ఇప్పటి జార్ఖండ్‌లో ఉరావ్ యువకుడు జత్రా భగత్ తాగుడు మానాలని తన వాళ్లకు బోధించాడు. అక్కడి నుంచే తానా భగత్ ఉద్యమం వచ్చింది. మన మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ముందు ప్రజలకు చెప్పిన మొదటి పనుల్లో తాగుడు మానడం, తగవులు పంచాయతీలోనే తీర్చుకోవడం ఉన్నాయి. మత్తులో ఉన్న జాతి తన భూమిని కాపాడుకోలేదని వీళ్లందరికీ తెలుసు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లోనో మీ స్నేహితుల్లోనో ఎవరైనా సారాలో, గంజాయిలో పడి ఉంటే వాళ్లను పోయినవాళ్ల లెక్కలో వేయకండి. బ్లాక్‌స్నేక్ చేసినట్టు ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చదనం ఉంటుంది. మీ గూడెం దేవతకో, మీరు నమ్మిన దేవుడికో మొక్కుకోండి. మొక్కుతో పాటు మనుషులను కూడా కలుపుకోండి. ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును కలవండి. 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసినా సలహా చెబుతారు. ఆ తర్వాత వాళ్లకు పని చూపండి, పండుగలో చోటివ్వండి, మళ్లీ తప్పితే మళ్లీ పిలవండి.

మీరు ఇంకా మొదలుపెట్టకపోతే మొదలుపెట్టకండి. ఈసారి కొత్తల పండుగకు మీ ఊళ్లో కుర్రాళ్లంతా కలిసి, ఆ రోజు సారా సీసా లేకుండా ఆడి చూడండి. రాత్రంతా థింసా ఆడే బలం మన కాళ్లలోనే ఉంది.