ఆలస్యముగా చేరిన వెలుగు

(ధ్యానభాగము: హబక్కూకు 2:3)

మన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో రాత్రులు ఆరుబయట పరుండువారు బృహస్పతిని ఎరుగుదురు. మనము చూచు ఆ వెలుగు ఇప్పుడే బయలుదేరినది కాదు. ముప్పావుగంట అటు ఇటుగా ప్రయాణము చేసి మన కంటికి చేరుచున్నది. వెలుగు నడచుటకు కాలము పట్టునని లెక్కతో చూపినవాడు ఓలె రోమర్.

ఆయన 1644లో లూథరన్ దేశమైన డెన్మార్కులో, ఆర్హూస్ పట్టణమున జన్మించెను. 1672లో ప్యారిసు చేరి, బృహస్పతి చుట్టు తిరుగు ఇయో అను చంద్రుని గ్రహణములను కనిపెట్టి వ్రాయసాగెను. ఇయో సుమారు 42½ గంటలకొకసారి నీడలో మునుగును. కాని భూమి బృహస్పతికి దూరమగు నెలలలో ఆ గ్రహణములు ఆలస్యముగాను, సమీపించు నెలలలో ముందుగాను కనబడుచుండెను. ఇయో నడక తప్పలేదు, వెలుగు నడువవలసిన దారియే పెరిగినదని రోమర్ గ్రహించెను. 1676 నవంబరు 9న ఇయో నీడనుండి వెలుపలికి వచ్చుట పది నిమిషములు ఆలస్యముగా కనబడునని సెప్టెంబరులోనే చెప్పెను. అట్లే జరిగెను. అయినను వేధశాలలో పెద్దయైన కస్సీని ఒప్పుకొనలేదు.

భూకక్ష్యను అడ్డముగా దాటుటకు వెలుగునకు 22 నిమిషములు పట్టునని రోమర్ గణించెను. నిజమునకు 16 నిమిషముల 40 సెకండ్లే. అంకె తప్పినది గాని సంగతి తప్పలేదు.

రేడియో తరంగమునకును ఇదే వేగము, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. శ్రీహరికోట నుండి 2013లో వెళ్లిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యలో ప్రవేశించినప్పుడు, దాని వార్త భూమికి చేరుటకు 12 నిమిషములకు పైగా పట్టెను. ఆజ్ఞలన్నియు ముందే పంపియుండిరి. ఇక కనిపెట్టుటయే మిగిలెను. అక్కడ కార్యము జరిగిపోయినది, ఇక్కడ వార్త రాలేదు. ప్రార్థించి మరునాడే జవాబు లేదని మోకాళ్లు లేపు మనము ఆ నిమిషములను తలంచుకొనవలెను.

రోమర్ 1681లో స్వదేశమునకు మరలి కోపెన్‌హాగెన్‌లో అధ్యాపకుడాయెను. నక్షత్రములు చూచువాడు వీధులను మరువలేదు సుమా! తూనికలు, కొలతలు సరిచేసెను, నగరవీధులలో దీపములు పెట్టించెను, 1705 నుండి పోలీసు అధికారిగా నుండెను. తరంగంబాడికి 1705లో సువార్తికులను పంపిన నాలుగవ ఫ్రెడరిక్ రాజు కొలువే అది.

ఆయన 1710 సెప్టెంబరు 19న మరణించెను. 1729లో ఇంగ్లాండు దేశస్థుడైన బ్రాడ్లీ మరియొక మార్గమున అదే సత్యమును నిరూపించినప్పుడు రోమర్ లేడు, కస్సీనియు లేడు. అంతకు ముందటి యేడు కోపెన్‌హాగెన్ అగ్నిప్రమాదములో రోమర్ వ్రాతలలో అధికభాగము కాలిపోయెను. 1706 అక్టోబరులో మూడు రాత్రులు ఆయన నక్షత్రములను చూచి వ్రాసిన లెక్కలు మాత్రము దక్కినవి.