సైకిలు వీరుడు ఫౌస్టో కొప్పి

మన పాఠశాల ఆటల పోటీలలో పరుగుపందెము గెలిచిన బాలుని పేరు అందరును ఎరుగుదురు. వానితో కూడ ప్రతిదినము అభ్యాసము చేసిన తోడి బాలుర పేర్లు ఏడాది తిరుగునప్పటికి ఎవ్వరికిని జ్ఞాపకముండవు. పరుగుపందెమున ఇది చిన్న సంగతి. రోడ్లమీద వందలకొలది మైళ్లు సాగు సైకిలుపందెములలో ఇది మిగుల పెద్ద సంగతి. అచ్చట విజేత పేరు ఒక్కటే పత్రికల కెక్కునుగాని, ఆ విజయము పదిమంది కాళ్ల కష్టముచేతను, ఒక ఒడంబడిక కాగితముమీది చేవ్రాళ్లచేతను సమకూరునట్టిది. ఈ సత్యమును తేటగా తెలుపు జీవితము ఇటలీ దేశస్థుడగు ఫౌస్టో కొప్పిది. ఆయన ఒకనికి తోడుపడు కూలివాడుగా కొలువున చేరి, తానే నాయకుడయ్యెను. కావున ఆయన చరిత్రమును బాలబాలికలకును వారి తలిదండ్రులకును ఇచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాము.

కొప్పి 1919వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఉత్తర ఇటలీలోని పీడ్మాంటు సీమయందు కాస్టెల్లానియా అను చిన్న కొండపల్లెలో జన్మించెను. తలిదండ్రులు సేద్యము చేసి జీవించువారు. సంతానము ఐదుగురు. బాలునకు చదువుమీద కంటె సైకిలుమీద ప్రీతి మెండు. పదుమూడేండ్ల ప్రాయమున బడి మాని, నోవీ లిగూరె పట్టణమున ఒక మాంసపు దుకాణములో పనికి కుదిరి, ఇండ్లకు సరకులు చేరవేయుచుండెను. కొండదారులలో నిత్యమును సైకిలుమీద పోవుటచే కాళ్లకు బలము చేకూరెను. పేరు పంచుకొన్న పినతండ్రి యొకడు కొంత ధనమీయగా మంచి సైకిలు సమకూరెను. ఆ పట్టణముననే బియాజో కవన్నా అను దేహమర్దనకారుడుండెను. అతడు పెక్కురు పందెగాండ్రకు శిక్షణ మొసగినవాడు. పిదప చూపు పోయి అంధుడయ్యెను. కన్నులు లేకున్నను చేతి స్పర్శచేతనే కొప్పి కండరముల గుణమును గుర్తించి, అతనిని శిష్యునిగా స్వీకరించెను.

ఇచ్చట ఈ పందెముల పద్ధతిని కొంచెము వివరింపవలసియున్నది. సైకిలుమీద వడిగా పోవువానికి గాలియే గొప్ప శత్రువు. ముందు పోవువాడు గాలిని చీల్చుకొని పోవును. వాని వెనుక దగ్గరగా పోవువానికి శ్రమ ఎంతయో తగ్గును. ఆకాశమున బారులు తీరి ఎగురు కొంగలను చూచిన బాలురకు ఇది సులభముగా తెలియగలదు. కావున సైకిళ్లు చేయు కంపెనీలు తమ సరకునకు పేరు తెచ్చుకొనుటకై జట్లను పోషించుచు, ఒక నాయకునికి పలువురు సహాయకులను కుదుర్చుచుండెను. నాయకుని ముందుండి గాలిని కాచుట, నీళ్లసీసాలు తెచ్చి యిచ్చుట, అతని చక్రము చెడిన తమ చక్రమును ఊడదీసి యిచ్చుట వారి విధి. ఇటలీవారు అట్టివానిని గ్రెగారియో అందురు. ఫ్రెంచివారు దొమెస్తిక్, అనగా ఇంటి నౌకరు, అందురు. 1911లో మోరిస్ బ్రోకో అనునతడు తన సహాయమును ఇతరులకు అమ్ముకొనజూచెనని పందెపు అధికారి హేళనగా పెట్టిన పేరు అది. హేళన పోయెను; పేరు నిలిచెను. సహాయకునకు జీతమును సైకిలును దుస్తులును కంపెనీయే ఇచ్చును. ఒడంబడిక గడువు తీరినపుడు దానిని మరల వ్రాయుదురో లేదో అన్నది తన గెలుపుమీదగాక నాయకుని గెలుపుమీద ఆధారపడి యుండును. తన సొంత గెలుపును వదలుకొనుటకే జీతము పుచ్చుకొనువాడు గ్రెగారియో.

1940లో లెన్యానో కంపెనీ జట్టు పెద్దయగు ఎబెరార్డో పవేసీ ఇరువదియేండ్ల కొప్పిని ఇట్టి సహాయకునిగానే నియమించెను. ఆ జట్టు నాయకుడు జీనో బార్తాలి. అతడు అప్పటికే రెండుమారులు ఇటలీ చుట్టు పందెమును, 1938లో ఫ్రాన్సు చుట్టు పందెమును గెలిచిన ప్రసిద్ధుడు. ఆ యేటి ఇటలీ పందెము రెండవ దినముననే ఒక కుక్క అడ్డము రాగా బార్తాలి క్రిందపడి గాయపడెను. అతడు విజయమునకు చాల వెనుకబడెను. కొప్పి ముందు వరుసలోనే యుండెను. పవేసీ ఆలోచించి చిన్నవానికి స్వేచ్ఛ నొసగెను. మే 29వ తేదీన ఫ్లారెన్సు నుండి మోదెనాకు పోవు దారిలో అబెటోనె కనుమమీద కొప్పి అందరిని విడిచి వర్షములో ఒంటరిగా సాగి గెలిచి, నాయకత్వపు గులాబిరంగు చొక్కాను ధరించెను. పిదప ఆల్ప్సు కొండలలో అతడు అలసి దిగబడినపుడు వెన్నుగాచినవాడు బార్తాలియే. తనకు నౌకరుగా వచ్చినవానికి యజమానుడు నౌకరయ్యెను! జూను 9న కొప్పి విజయుడై మిలాను చేరెను. మరునాడే ఇటలీ యుద్ధమున ప్రవేశించెను.

బార్తాలి నాడు పడకున్నయెడల కొప్పి ఎన్ని సంవత్సరములు నీళ్లు మోయుచు గడపెడివాడో చెప్పజాలము. అంత బలము గలిగియు ఒడంబడికలోని స్థానముచే వెనుకనే యుండిపోయినవారు ఎందరో గలరు.

యుద్ధము కొప్పి యౌవనమున కొంతభాగమును హరించెను. 1942 నవంబరులో మిలాను నగరమున ఒక గంటలో 45 కిలోమీటర్లకు పైగా త్రొక్కి ప్రపంచములో ప్రథముడయ్యెను. 1956 వరకు ఆ ఘనతను ఎవ్వరును దాటలేకపోయిరి. తరువాత సైనికుడుగా ఆఫ్రికాకు పోయి, 1943 ఏప్రిలులో ట్యునీసియాలో ఆంగ్లేయుల చేత చిక్కి ఖైదీయయ్యెను. 1945లో స్వదేశము చేరి, ఆ యేడే బ్రూనా అను కన్యను పెండ్లాడెను.

అటుపిమ్మట బియాంకి అను ప్రసిద్ధమైన సైకిలు కంపెనీతో ఒడంబడిక చేసికొనెను. ఈ మారు ఆయన సహాయకుడు కాడు, నాయకుడు. 1946 మార్చి 19న మిలాను నుండి సాన్ రేమోకు జరిగిన సుమారు 290 కిలోమీటర్ల పందెములో 14 నిమిషముల ముందుగా గమ్యము చేరెను. రెండవవాడు వచ్చువరకు జనులు చాలసేపు కాచుకొనవలసి వచ్చెను! ఆయనకు కవన్నా శిష్యులగు ఆండ్రియా కర్రియా, ఎత్తోరె మిలానో మొదలైనవారును, సొంత తమ్ముడు సెర్సెయు క్రమముగా సహాయకులైరి. ఒకే గురువునొద్ద శిక్షణ పొంది, ఒకే సీమలో పెరిగినవారగుటచే వారి సహాయము జీతమునకు మించినది. నాయకుడును పందెములలో వచ్చిన బహుమతి ధనమును వారికి పంచియిచ్చుచుండెను.

అయినను ఒడంబడికలు మేలుతోపాటు కీడును తెచ్చుట కలదు. 1948 ఇటలీ పందెములో ఫియొరెంజో మాన్యి అను పోటీదారుని కొండ యెక్కునపుడు ప్రేక్షకులు వెనుకనుండి నెట్టిరి. అధికారులు అతనికి విధించిన శిక్ష రెండు నిమిషములే. అది చాలదని కోపించి కొప్పియు బియాంకి జట్టువారును పందెమును విడిచిపోయిరి. నాయకుడు పోగా సహాయకులకును పోక తప్పలేదు. ఆ యేడే హాలెండులో జరిగిన ప్రపంచ పోటీలో కొప్పియు బార్తాలియు ఒకే ఇటలీ జట్టువారై యుండిరి. ఏడాది పొడుగున పోటీ కంపెనీల జీతములు పుచ్చుకొను ఆ యిద్దరును ఒకరినొకరు కనిపెట్టుచు, ఎవరికివారు కదలక, తుదకు ఇద్దరును దిగిపోయిరి. ఇటలీ సైకిలు సంఘమువారు ఇరువురిని కొంతకాలము పందెములనుండి తొలగించిరి. దేశపు చొక్కా పైకి ఒకటే. లోపల కంపెనీలు రెండు. ఇంట అన్నదమ్ములు పోరాడినచో పొలము బీడు పడునను మాట అచ్చట నిజమయ్యెను.

ఈ అవమానము వారికి బుద్ధి నేర్పెనని మా తలంపు. 1930 నుండి 1961 వరకు ఫ్రాన్సు చుట్టు పందెమున కంపెనీ జట్లకు బదులు దేశపు జట్లే పోటీచేయుచుండెను. 1949లో ఇటలీ జట్టు పెద్ద ఆల్ఫ్రెడో బిండా ఆ యిద్దరిని ఒప్పించి ఒక జట్టున చేర్చెను. సేంట్ మాలోకు పోవు దినమున కొప్పి పడిపోయి సైకిలు విరిగెను. తన కొలతకు సరిపడు సైకిలు దగ్గర లేదు. బిండా వెనుక బార్తాలితో నుండెను. తనకంటె బార్తాలియే వారికి ఎక్కువయని కొప్పి మనసు విరిగి, పందెమును మానదలచెను. జట్టువారు బ్రతిమాలి సాగించిరి. నాటికి అందరికంటె ముందున్నవానికి ఆయన అరగంటకు పైగా వెనుకబడియుండెను. అయినను ఆల్ప్సు కొండలలో ఆ యిద్దరును కలిసి యెక్కిరి. బార్తాలి ముప్పదియైదవ జన్మదినమున కొప్పి అతనిని గెలువనిచ్చెను. మరునాడు బార్తాలికి ఆపద కలుగగా, బిండా ఆజ్ఞపై కొప్పి ముందునకు సాగెను. పారిసు నగరమున కొప్పి ప్రథముడుగను, బార్తాలి ద్వితీయుడుగను నిలిచిరి. ఇటలీ, ఫ్రాన్సు పందెములు రెండును ఒకే యేట గెలిచినవారిలో కొప్పియే మొదటివాడు.

1951 జూను నెలలో తమ్ముడు సెర్సె టురిను పందెములో పడి, తలకు తగిలిన దెబ్బచే మరణించెను. కొప్పి దుఃఖభారముతోనే కొద్దిదినములకు ఫ్రాన్సు పందెమునకు పోయెను. మోంపెలియే దారిలో జబ్బుపడి వాంతులు చేసికొనుచు అరగంటకు పైగా వెనుకబడెను. గడువు దాటినవారిని పందెమునుండి తొలగింతురు. నాడు జట్టువారు తమ స్థానములను లెక్కచేయక ఆయనను కనిపెట్టుకొని గమ్యము చేర్చిరి. ఆ యేట ఆయన గెలువలేదు. కాని గెలిచిన దినములకంటె ఆ దినమే సహాయకుల విలువను ఎక్కువగా చాటినదని మేము తలంచెదము.

1952లో జరిగిన సంగతి ఇంకను మనోహరమైనది. లోజాను పట్టణమునకు పోవు దారిలో కొందరు ముందునకు ఉరుకగా, నాయకుని పక్షమున వారిని కాచుటకై కర్రియా వారి వెంటబడెను. ఆ గుంపు చాల ముందుగా గమ్యము చేరుటచే, కర్రియా తాను కోరకయే అందరికంటె ముందువాడై పసుపుపచ్చ చొక్కాను పొందెను. ఈ కర్రియా జర్మనుల బూకెన్‌వాల్డు బందిశిబిరమున బాధలుపడి బ్రతికివచ్చినవాడు. అట్టివాడు ఆ గౌరవమునకు సంతోషింపక కన్నీరు కార్చెను! నౌకరు యజమాని ఆసనమున కూర్చున్నట్లు భయపడెను. కొప్పి కోపింపలేదు, అతని సంతోషమును తన సంతోషముగా నెంచెను. మరునాడు ఆల్ప్ ద్యూయెజ్ కొండమీద గెలిచి ఆ చొక్కాను తాను ధరించెను. ఆ యేడు ఆయన రెండవవానికంటె 28 నిమిషములు ముందుండెను. ఆ పందెముననే కొప్పియు బార్తాలియు కొండదారిలో ఒక నీళ్లసీసాను చేతులు మార్చుకొనుచుండగా తీసిన ఛాయాపటము జగత్ప్రసిద్ధమైనది. ఎవరు ఎవరికిచ్చిరని ఇటలీవారు ఇప్పటికిని వాదించుకొనుచుందురు.

కొప్పి మొత్తము ఐదుమారులు ఇటలీ పందెమును, రెండుమారులు ఫ్రాన్సు పందెమును, 1953లో ప్రపంచ పోటీని గెలిచెను. ఆయన దోషములను దాచుట మాకు ఇష్టము లేదు. ఆ కాలమున నిషేధము లేని ఉత్తేజకపు మందులను వాడినట్లు తానే ఒప్పుకొనెను. భార్యను కుమార్తెను విడిచి ఒక వివాహితతో కాపురముండుటచే 1955లో న్యాయస్థానము శిక్ష విధించెను. బలమైన కాళ్లు గలవానికి బలమైన నడవడియు అబ్బునని తలంపరాదు.

ఇంతలో లోకము మారెను. యుద్ధానంతరము జనులు స్కూటర్లు, మోటారు కార్లు కొనసాగిరి; సైకిలు కంపెనీల రాబడి తగ్గెను. జట్లకు జీతములిచ్చువారు కరవైరి. 1954లో మాన్యి నివియా అను ముఖలేపనపు కంపెనీ పేరు చొక్కాపై ధరించి జట్టును నిలిపెను. అప్పటినుండి సైకిలుతో సంబంధము లేని కంపెనీలును జట్లను పోషింపసాగెను. కొప్పియు బియాంకిని విడిచి, వయస్సు మీరినను ఒక జట్టునుండి మరియొక జట్టునకు మారుచుండెను. తుదకు 1960వ సంవత్సరమునకై సాన్ పెల్లెగ్రీనో జట్టుతో ఒడంబడిక చేసికొనెను. ఆ జట్టు పెద్ద ఎవరనుకొందురు? బార్తాలియే! ఇరువదియేండ్ల క్రిందట ఎవనికి నీళ్లు మోయుటకు చేరెనో, అతని చేతిక్రిందికే ఆయన మరల చేరెను.

ఆ యొడంబడిక నెరవేరలేదు. 1959 డిసెంబరులో కొప్పి ఫ్రెంచి పందెగాండ్రతో కూడ ఆఫ్రికాలోని అప్పర్ వోల్టాకు పోయి, దోమకాటుచే మలేరియా సోకి తిరిగివచ్చెను. తోడిపందెగాడు రఫయెల్ జెమినియానికిని అదే జబ్బు వచ్చెను; అచ్చటి వైద్యులు దానిని గుర్తించి క్వినైను ఇయ్యగా అతడు బ్రతికెను. కొప్పి వైద్యులు గుర్తింపలేకపోయిరి. 1960 జనవరి 2వ తేదీన, నలుబదియేండ్ల ప్రాయమున, తొర్తోనా ఆసుపత్రిలో ఆయన కన్నుమూసెను.

కర్రియా 2013 వరకు జీవించెను. అతని పేరు పందెముల పట్టికలలో వెదకినను అరుదుగా కానవచ్చును. కాని కొప్పి పేరున్న ప్రతి చోటను, కంటికి కనబడకున్నను, అతని శ్రమ కలదు. బాలబాలికలారా! మీలో కొందరు ముందు నడువగలరు. పెక్కురు ముందు నడుచువానికి గాలి కాయవలసియుందురు. గాలి కాచుట తక్కువ పని కాదు. ముందు నడుచు భాగ్యము కలిగినవారు మాత్రము, తమకు గాలి కాచినవారి పేర్లను మరువక, ఫలమున వారికి పాలు పంచియిత్తురుగాక. కొప్పి జీవితమున మాకు మిగుల నచ్చిన సంగతి ఇదియే.