సముద్రం గుట్టు కోసం ఒళ్లు పణంగా పెట్టాడు.. చివరికి ఆ దేహం మన కాకినాడకే చేరింది!

వరంగల్: భద్రకాళి చెరువులోనో, ధర్మసాగర్ రిజర్వాయర్‌లోనో ఎవరైనా గల్లంతైతే ముందుగా పరుగెత్తుకొచ్చేది గజ ఈతగాళ్లు. ఊపిరి బిగబట్టి దిగుతారు, మళ్లీ పైకొస్తారు. అదే సముద్రంలో సిలిండర్ కట్టుకుని లోతుకు దిగే డైవర్ల సంగతి వేరు. ఎంత లోతుకు వెళ్లాలి? ఎంతసేపు ఉండాలి? ఎంత నెమ్మదిగా పైకి రావాలి? అన్నిటికీ లెక్క ఉంది. ఆ లెక్క తప్పితే ప్రాణం పోతుంది. ఆ లెక్కల్లో కొన్నిటిని ఓ మనిషి తన ఒంటి మీదే తేల్చుకున్నాడు. ఆయన అస్థిపంజరం ఎక్కడుందో తెలుసా? మన కాకినాడలో!

ఇంతకీ ఎవరాయన?

పేరు జె.బి.ఎస్. హాల్డేన్. 1892 నవంబర్ 5న ఇంగ్లాండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ కూడా పెద్ద శాస్త్రవేత్తే. బొగ్గు గనుల్లో విషవాయువును ముందే పసిగట్టడానికి చిన్న పిట్టల్ని వెంట తీసుకెళ్లమని చెప్పింది ఆయనే. కొడుకును కూడా చిన్నప్పుడే గనుల్లోకి దింపారు. ఓసారి గ్యాస్ నిండిన చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని మాటలు అప్పజెప్పమన్నారు. కాసేపటికే పిల్లాడి కాళ్లు తేలిపోయాయి, కింద పడిపోయాడు. పడ్డాక మళ్లీ ఊపిరి ఆడింది. మీథేన్ తేలిక కాబట్టి పైనే ఉంటుందన్న పాఠం అలా ఒంటపట్టింది. మన భూపాలపల్లిలో గని పనికి వెళ్లే ఇళ్లవాళ్లకు ఈ పాఠం విలువ చెప్పక్కర్లేదు.

గోలీసోడా లాంటి ప్రమాదం

నీటిలోకి దిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. దాదాపు ప్రతి 10 మీటర్లకూ గాలి పీడనం అంత అదనంగా పడుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన నైట్రోజన్ రక్తంలో కరిగిపోతుంది. డైవర్ ఒక్కసారిగా పైకొస్తే, గోలీ నొక్కగానే సోడా బుస్సుమన్నట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. కీళ్లు పట్టేస్తాయి, కాళ్లు చచ్చుబడతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ముందు మేకల మీద పరీక్షలు చేసి, ఆగి ఆగి పైకి రావాలన్న పద్ధతిని తండ్రి హాల్డేన్ 1908లో ప్రకటించారు. ఆ ప్రయోగాల రోజుల్లోనే, 1906లో, 13 ఏళ్ల కొడుకు కూడా స్కాట్లాండ్ తీరంలో డైవింగ్ సూట్ వేసుకుని దిగాడు. సూట్ వదులుగా ఉండటంతో చన్నీళ్లు లోపలికొచ్చేశాయి. వణికిపోయాడు కానీ బెదిరిపోలేదు.

ఆ జలాంతర్గామి మార్చేసింది!

పెద్దయ్యాక హాల్డేన్‌కు పేరొచ్చింది జన్యుశాస్త్రంలో. పరిణామ సిద్ధాంతాన్ని గణితంతో ముడిపెట్టిన ముగ్గురు నలుగురిలో ఆయనొకరు. ఇక విచిత్రం ఏంటంటే, ఆయనకు సైన్స్‌లో డిగ్రీ లేదు!

1939 జూన్ 1న లివర్‌పూల్ బేలో పరీక్షకు వెళ్లిన థీటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగిపోయింది. 103 మందిలో 99 మంది చనిపోయారు. వారిలో చాలామంది షిప్‌యార్డ్ కార్మికులు. అసలు లోపల ఏం జరిగిందో తేల్చమని కార్మిక సంఘం హాల్డేన్‌ను కోరింది. ఆయన మరో నలుగురితో కలిసి మూసేసిన ఉక్కు గదిలో 14 గంటలకు పైగా కూర్చున్నారు. లోపలి గాలి ఎలా చెడిపోతుందో, తల ఎలా పగిలిపోతుందో స్వయంగా అనుభవించారు.

తర్వాత యుద్ధం వచ్చింది. నౌకాదళం ఆయన్నే పిలిచింది. ప్రెషర్ చాంబర్‌లో కూర్చుని లోతు నీటి ఒత్తిడిని, మంచు చలిని, స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ఒంటి మీద పరీక్షించుకున్నారు. ప్రాణం నిలిపే ఆక్సిజనే ఎక్కువ ఒత్తిడిలో విషమవుతుందని, ఫిట్స్ తెప్పిస్తుందని ఆ గదిలో కళ్లారా చూశారు. అలాంటి ఫిట్స్‌లోనే ఆయన వెన్నుపూస దెబ్బతింది. ఆ నొప్పి జీవితాంతం వదల్లేదు. కర్ణభేరి చిల్లు పడితే, పొగ తాగినప్పుడు చెవిలోంచి వదలొచ్చని జోకేసేవారు! ఆ పరీక్షల్లో ఆయనతో పాటు కూర్చున్న హెలెన్ స్పర్వే తర్వాత ఆయన భార్య అయ్యారు. ఈరోజు డైవర్లు లోతులో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చకుండా జాగ్రత్త పడుతున్నారంటే, ఆ అవగాహన వెనుక ఆ గదిలో పడ్డ బాధ కూడా ఉంది.

ధోతీ కట్టిన ఇంగ్లీషాయన

1957లో భార్యతో కలిసి ఇండియాకు వచ్చేశారు. ముందు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ఆ తర్వాత భువనేశ్వర్. ధోతీ, కుర్తా వేసుకున్నారు, మాంసం మానేశారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే. గురువు జీవితం మీద పుస్తకం కూడా రాశారు.

క్యాన్సర్ వచ్చింది. దాని మీద కూడా నవ్వుతూ ఓ కవిత రాశారు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. వీలునామాలో మాత్రం తన కోరిక స్పష్టంగా రాసిపెట్టారు. బతికుండగా తన ఒళ్లు పరీక్షలకు పనికొచ్చింది, పోయాక కూడా పనికి రావాలి. అందుకే దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇమ్మన్నారు. అలాగే ఇచ్చారు. ఆయన అస్థిపంజరం ఆ కాలేజీ అనాటమీ మ్యూజియంలో ఉంది.

డైవింగ్ చరిత్ర చూడాలంటే ఇంగ్లాండ్‌లోని గోస్‌పోర్ట్‌లో, అమెరికాలోని ఫ్లోరిడాలో మ్యూజియంలు ఉన్నాయి. అక్కడ రాగి హెల్మెట్లు, బరువైన బూట్లు కనిపిస్తాయి. జలాంతర్గామి లోపలికెళ్లి చూడాలంటే విశాఖ బీచ్‌లో కుర్సురా ఉంది. కానీ ఆ లెక్కల కోసం ఫిట్స్‌తో గిలగిల్లాడిన అసలు మనిషి ఎముకలు ఉన్నది వరంగల్ నుంచి ఓ రాత్రి రైలు ప్రయాణమంత దూరంలోనే.

మన కాకతీయ మెడికల్ కాలేజీలో చేరే పిల్లలు కూడా తొలి ఏడాది దేహం ముందు నిలబడే డాక్టర్ చదువు మొదలుపెడతారు. ఆ దేహం ఎవరో ఒకరు దానంగా ఇచ్చింది కూడా కావొచ్చు. దేహదానం అనగానే ఇప్పటికీ మన ఇళ్లలో చాలామంది వెనకాడతారు. అరవై ఏళ్ల కిందటే, ఎక్కడో పుట్టి ఇక్కడివాడైన ఓ పెద్దాయన వెనకాడలేదు.