గూడవల్లి రామబ్రహ్మం

గూడవల్లి రామబ్రహ్మం (1902 - 1946) ప్రసిద్ధ తెలుగు సినిమా దర్శకుడు, నిర్మాత, పాత్రికేయుడు. కృష్ణా జిల్లా నందమూరు గ్రామంలో జన్మించాడు. మద్రాసులో ప్రజామిత్ర పత్రికకు సంపాదకత్వం వహించాడు. తెలుగు తెరపై పురాణ కథలదే రాజ్యమైన కాలంలో అస్పృశ్యత, రైతుల పేదరికం వంటి సమస్యలను చిత్రాలుగా మలచాడు.

సారథి ఫిలిమ్స్ పతాకంపై తీసిన మాలపిల్ల (1938) హరిజనుల ఆలయ ప్రవేశానికి సంబంధించిన కథ. చలం కథకు తాపీ ధర్మారావు సంభాషణలు సమకూర్చాడు. బ్రాహ్మణ యువకుని ప్రేమించిన మాలపిల్లగా కాంచనమాల నటించింది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1939లో గాని రాలేదు. చట్టం కంటే సినిమాయే ముందు వచ్చిందన్నమాట.

రైతుబిడ్డ (1939) ఇంకా సాహసోపేతమైనది. జమీందారీ అధికారాన్ని ధిక్కరించిన చిన్నరైతుగా బళ్ళారి రాఘవ నటించాడు. కొసరాజు రాఘవయ్య చౌదరి పాటలు వ్రాశాడు. విచిత్రమేమంటే, సారథి సంస్థకు అండగా నిలిచిన యార్లగడ్డ శివరామప్రసాద్ స్వయంగా చల్లపల్లి జమీందారు. ఇతర జమీందార్లకు అంతటి సహనం లేకపోయింది. వారి వ్యతిరేకత ఫలితంగా చిత్రం నిషేధానికి గురైంది. అందువలన మాలపిల్ల సాధించిన ఆర్థిక విజయం దీనికి దక్కలేదు. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. దానిని చూడటానికి రామబ్రహ్మం జీవించి లేడు.

తరువాత ఇల్లాలు, పత్ని, పంతులమ్మ, మాయాలోకం మొదలైన చిత్రాలు తీశాడు. పల్నాటి యుద్ధం నిర్మాణంలో ఉండగా 1946లో మరణించాడు. ఆ చిత్రాన్ని ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేయగా 1947లో విడుదలైంది.