ఉల్ఫిలా: సుంకపు మెట్టునకు మాట కూర్చిన బిషప్పు

మత్తయి కూర్చుండిన స్థలమును తెలుగు బైబిలు సుంకపు మెట్టు అని చెప్పుచున్నది. గ్రంథములు లేని జాతికి ఆ స్థలమును ఏ పేరుతో చెప్పవలెను? నాలుగవ శతాబ్దమున డాన్యూబు తీరమందు ఈ చిక్కు నెదుర్కొనినవాడు బిషప్ ఉల్ఫిలా.

ఆయన సుమారు 311లో ఆ నదికి ఉత్తరమున గోతు ప్రజల మధ్య జన్మించెను. పూర్వికులు కప్పదొకియలోని సదగోల్తినా గ్రామపు క్రైస్తవులు. గోతుల దాడిలో చెరపట్టబడినవారు. బందీల వంశమున పుట్టిన బిడ్డకు గోతు పేరే పెట్టిరి. చిన్న తోడేలు అని దాని అర్థము. నికొమేదియ యూసేబియస్ చేత బిషప్పుగా అభిషేకింపబడి, ఏడేండ్లు ఆ ప్రజలలో పనిచేసెను. హింస చెలరేగగా విశ్వాసులను వెంటబెట్టుకొని నది దాటెను. రెండవ కొన్‌స్టాంషియస్ చక్రవర్తి వారికి మోసియాలో నికొపొలి సమీపమున చోటిచ్చెను.

కుమారుని గూర్చిన ఆయన బోధ ఏరియస్ పక్షమునకు దగ్గర. నీకయ విశ్వాసప్రమాణమును ఒప్పుకొనువారు దానిని అంగీకరింపలేరు. ఈ సంగతి దాచనక్కరలేదు. అయినను గోతు భాషకు లిపి కూర్చి లేఖనములను తర్జుమా చేసినవాడు ఆయనే. రాజుల గ్రంథములను మాత్రము విడిచిపెట్టెనట. యుద్ధప్రియులైన తన ప్రజలకు కళ్లెమే కావలెను గాని ములుకోల కాదని ఆయన తలంచెనని ఫిలోస్టోర్జియస్ వ్రాసెను.

సువార్త, దేవదూత, సంఘము అనుటకు ఆయన గ్రీకు మాటలనే గోతు నోటికి అనువుగా మార్చుకొనెను. సుంకమునకు మాత్రము గ్రీకు మాట నరువు తేలేదు, మోతా అనెను. సుంకరి మోతారీస్. రోమా సరిహద్దైన ఆ నదియొద్ద వర్తకము చేయు గోతులకు సుంకమనగా ఏమో ఒకరు చెప్పనక్కరలేదు. సుంకరి పేరు వినగానే ముఖము చిట్లించు శ్రోతయే మత్తయి పిలుపులోని వింతను గ్రహింపగలడు.

ఆ మాటకు దొరికిన అతి ప్రాచీన వ్రాతసాక్ష్యము ఈ తర్జుమాయే. ప్రాచీన జర్మనులో అది మూతా. నేటి జర్మనులో మౌత్ అనగా రహదారి సుంకము. ప్రాచీన నార్సులో మూతా అనగా లంచము. ఎట్లు దిగజారెనో ఊహించుట కష్టము కాదు! స్లావులు దానిని మితో అనిరి. రష్యను బైబిలులో సుంకరి నేటికిని మితారే.

ఉల్ఫిలా సుమారు 383లో కొన్‌స్టాంటినోపులులో మరణించెను. గోతు భాష మాటలాడువారు నేడు లేరు. ఊదారంగు తోలుపై వెండి, బంగారు అక్షరములతో ఆరవ శతాబ్దమున వ్రాయబడిన గోతు సువార్తల ప్రతిలో 188 పత్రములు మిగిలినవి. ఒకటి 1970లో జర్మనీలోని స్పేయరులో బయటపడెను. తక్కినవి స్వీడనులోని ఉప్సలాలో నున్నవి. మోతా యొద్ద మత్తయి పిలువబడిన భాగము వాటిలో నున్నది.