బెల్ మోగింది, తాతయ్యకి వినపడలేదు

మొన్న సంక్రాంతి సెలవులకి హైదరాబాద్ నుంచి తెనాలి కార్లో వెళ్తున్నాం. నాన్న డ్రైవింగ్, పక్కన తాతయ్య, వెనక అమ్మా నేనూ. సూర్యాపేట దాటాక తాతయ్య ఫోన్ మోగింది. విజయవాడ నుంచి అత్తయ్య. తాతయ్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు గానీ అత్తయ్య గొంతు కారు స్పీకర్లలోంచి వచ్చింది. బయల్దేరే ముందు ఘంటసాల పాటల కోసం ఆ ఫోన్‌ని కారు బ్లూటూత్‌కి కలిపింది నేనే మరి.

అత్తయ్య అడిగింది చిన్న విషయం కాదు. తెనాలి ఇంటికి మంచి బేరం వచ్చిందట, ఇచ్చేద్దామా నాన్నా అని. కార్లో ముగ్గురికీ స్పష్టంగా వినపడింది. ఎవరిని అడిగిందో ఆయనకి తప్ప. ఆయన అలవాటుగా సరేనమ్మా, సరే సరే అనేసి పెట్టేశారు. తర్వాత నాన్న వైపు తిరిగి ఏమంటోందిరా అన్నారు. నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఏం లేదు నాన్నా అన్నారు.

నేనూ ఏమీ మాట్లాడలేదు. వెనక సీట్లో తల దించుకుని ఫోన్‌లో ఏదో వెతుకుతున్నట్టు నటించా. అలా నటిస్తూ నిజంగానే వెతికింది ఒక మనిషి గురించి. అలెగ్జాండర్ గ్రాహం బెల్. నాకు అప్పటిదాకా ఆయన అంటే చిన్నప్పటి జీకే పుస్తకంలో ఒక లైన్, అంతే. టెలిఫోన్ కనిపెట్టినవాడు. కానీ ఆ లైన్ వెనక ఉన్న కథలో అమ్మకి వినపడదు, భార్యకి వినపడదు అని ఎవరూ చెప్పలేదు.

బెల్ 1847 మార్చి 3న స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తాతా నాన్నా ఇద్దరూ ఉచ్చారణ నేర్పే మాస్టర్లు. నాన్న మెల్విల్ బెల్ అయితే ఏ భాషలోని శబ్దాన్నైనా నోరు, నాలుక, పెదవుల కదలికల బొమ్మలుగా రాసే ఒక లిపినే తయారు చేశాడు. దాని పేరు విజిబుల్ స్పీచ్. అమ్మ ఎలిజా పియానో బాగా వాయించేది. ఆమెకి మాత్రం సరిగ్గా వినపడదు. చెవికి గొట్టం పెట్టుకుంటే కొంత వినేది. అందరూ ఆ గొట్టంలోకి అరిచేవాళ్ళు. కొడుకు అలెక్ మాత్రం ఆమె నుదుటి దగ్గరగా వచ్చి, నెమ్మదిగా, లోగొంతుతో మాట్లాడేవాడు. ఆ ప్రకంపనలు ఎముక గుండా ఆమెకి అందేవి. ఇంకోటి కూడా చేసేవాడు. ఇంట్లో నలుగురు కూర్చుని కబుర్లాడుతుంటే అమ్మ పక్కన కూర్చుని, వేళ్ళతో అక్షరాలు చూపించే పద్ధతిలో, అక్కడ ఎవరేం అంటున్నారో ఎప్పటికప్పుడు ఆమెకి చెప్పేవాడు.

ఇది చదివినప్పుడు నాకు నాన్న గుర్తొచ్చారు. తర్వాత నేనే గుర్తొచ్చా.

బెల్ అన్నదమ్ములు ఇద్దరూ క్షయతో పోయారు, 1867లో ఒకరు, 1870లో ఇంకొకరు. మిగిలిన ఒక్క కొడుకునైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు 1870లో కెనడాకి వెళ్ళిపోయి బ్రాంట్‌ఫర్డ్‌లో ఇల్లు కొనుక్కున్నారు. మరుసటి ఏడాది బెల్ బోస్టన్‌లో చెవిటి పిల్లల బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్ళాడు. 1873కల్లా బోస్టన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. పగలు పిల్లలకి మాటలు నేర్పడం, రాత్రి తీగలతో ప్రయోగాలు. మనలో కొంతమంది ఇంటర్నల్స్ ముందు పడే తిప్పలు ఆయన ఏళ్ళ తరబడి పడ్డాడు.

అసలు ఈ ప్రయోగాలు మొదలవడంలో ఒక తమాషా ఉంది. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త శ్రుతిదండాలతో అచ్చుల శబ్దాలు పుట్టించిన సంగతి ఒక పుస్తకంలో రాశాడు. బెల్‌కి జర్మన్ సరిగ్గా రాక, బొమ్మలు చూసి, ఆయన అచ్చుల్ని తీగ మీద పంపించేశాడని అపార్థం చేసుకున్నాడు. అచ్చులు వెళ్తే హల్లులు ఎందుకు వెళ్ళవు అనుకున్నాడు. ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగు పుస్తకాలు సగం సగం అర్థం చేసుకునే నాకు ఇది చాలా ధైర్యం ఇచ్చింది.

1874లో ఆయన చనిపోయిన ఒక మనిషి చెవిని డాక్టర్ దగ్గర తీసుకుని, ఆ కర్ణభేరికి గడ్డిపరక తగిలించి, మాట్లాడితే అది మసి పూసిన గాజు మీద గీతలు గీసేలా చేశాడు. అంత పల్చటి పొర అంత ఎముకల్ని కదపగలిగితే, కాస్త పెద్ద పొర ఒక ఇనపముక్కని కదపలేదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. అంటే టెలిఫోన్‌కి మోడల్ మనిషి చెవే. 1876 ఫిబ్రవరి 14న పేటెంట్ దరఖాస్తు పడింది. అదే రోజు ఎలైషా గ్రే అనే ఇంకొకాయన కూడా కాగితాలు పెట్టాడు. ఎవరిది ముందు అన్న గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మార్చి 7న పేటెంట్ బెల్‌కి వచ్చింది. మూడు రోజుల తర్వాత పక్క గదిలో ఉన్న సహాయకుడు వాట్సన్‌ని తీగ మీద పిలిస్తే అతను విని నడిచి వచ్చాడు.

ఇప్పుడు మేబెల్ గురించి చెప్పాలి. మేబెల్ హబ్బర్డ్‌కి ఐదేళ్ళప్పుడు స్కార్లెట్ ఫీవర్ వచ్చి వినికిడి మొత్తం పోయింది. పెదవులు చూసి మాటలు పట్టేయడంలో దిట్ట. బెల్ దగ్గర ఉచ్చారణ నేర్చుకోవడానికి వచ్చింది, ఆయన కంటే పదేళ్ళు చిన్న. బెల్ ప్రేమలో పడ్డాడు. 1876లో ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన. బెల్ తన విద్యార్థుల పరీక్షలున్నాయని వెళ్ళనన్నాడు. మేబెల్ రహస్యంగా టికెట్ కొని, పెట్టె సర్ది, ఆయన్ని స్టేషన్‌కి తీసుకెళ్ళి అప్పుడు చెప్పింది. ఆయన వాదించబోతే ముఖం పక్కకి తిప్పేసుకుంది. పెదవులు చూడకపోతే ఆయన మాటలు అందవు కదా! ఇంక చేసేదేం లేక రైలెక్కాడు. అక్కడ బ్రెజిల్ చక్రవర్తి ఆ ఫోన్ విని ఆశ్చర్యపోవడంతో బెల్ పేరు లోకమంతా పాకింది. 1877 జూలైలో పెళ్ళి. కంపెనీలో తనకున్న షేర్లలో పది ఉంచుకుని మిగతావన్నీ ఆమెకి ఇచ్చేశాడు. ఫోన్ వల్ల వచ్చిన ఆస్తి ఆమె చేతిలో ఉంది. ఫోన్ మాత్రం ఆమె ఎప్పటికీ వినలేదు.

1880లో బెల్, టెయింటర్ అనే సహచరుడితో కలిసి తీగ లేకుండా, వెలుతురు మీద మాటని పంపాడు. మాట్లాడితే అద్దం కంపిస్తుంది, దాని మీంచి వెళ్ళే ఎండ మిణుకుమంటుంది, అవతల సెలీనియం ఆ మిణుకుని మళ్ళీ శబ్దం చేస్తుంది. వాషింగ్టన్‌లో సుమారు 213 మీటర్లు వెళ్ళింది. దాని పేరు ఫోటోఫోన్. అప్పుడే పుట్టిన కూతురికి ఆ పేరే పెడతానన్నాడట, మేబెల్ ఒప్పుకోలేదు. మన బ్లూటూత్ నడిచేది రేడియో తరంగాల మీద, అది వెలుతురు మీద. కానీ తీగ లేకుండా మాట పంపాలన్న కోరిక ఒకటే.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆపకూడదు.

అదే 1880లో ఇటలీలోని మిలాన్‌లో చెవిటివారి చదువు గురించి ఒక అంతర్జాతీయ సభ జరిగి, బడుల్లో సైగల భాష వద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించింది. అమెరికాలో ఆ పక్షానికి అందరికంటే పెద్ద గొంతు బెల్‌దే. 1883లో ఒక పత్రం సమర్పించాడు. చెవిటివాళ్ళు చెవిటివాళ్ళనే పెళ్ళాడితే ఒక చెవిటి జాతి తయారవుతుందని అందులో భయపెట్టాడు. పెళ్ళిళ్ళని చట్టంతో ఆపమనలేదు గానీ వాళ్ళ ప్రత్యేక బడులు, సైగల భాష, చెవిటి టీచర్లు, ఇవన్నీ తగ్గాలన్నాడు. తర్వాత దశాబ్దాల పాటు ఎన్నో బడుల్లో చేతులు కదిపినందుకు పిల్లలు దెబ్బలు తిన్నారు. ఆ మిలాన్ తీర్మానాల మీద విచారం తెలిపింది 2010లో, వాంకూవర్ సభలో. 130 ఏళ్ళు పట్టింది.

మా స్కూల్లో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైన్. ఐదో క్లాసులో ఒకసారి కడుపునొప్పి అని చెప్పడానికి ఇంగ్లీష్ మాట దొరక్క లంచ్ దాకా అలాగే కూర్చున్నా. అది చాలా చిన్న సంగతి, నాకు తెలుసు. ఇంటికి వెళ్తే నాకు తెలుగు ఉంది. ఆ పిల్లలకి చేతులు కట్టేస్తే ఇంకేం మిగలదు. అమ్మ పక్కన కూర్చుని వేళ్ళతో గదిలోని మాటలన్నీ చెప్పిన కుర్రాడే పెద్దయ్యాక ఇది చేశాడంటే నాకు చాలాసేపు మింగుడుపడలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఆరేళ్ళ హెలెన్ కెల్లర్‌ని తండ్రి తీసుకొస్తే దారి చూపించింది బెల్. ఆమె తన ఆత్మకథని ఆయనకే అంకితమిచ్చింది. మంచి చేస్తున్నానన్న నమ్మకంలో అవతలివాళ్ళని అడగడం మర్చిపోయాడు. మా కార్లో జరిగింది కూడా అదే కదా.

బెల్ 1922 ఆగస్టు 2న కెనడాలోని నోవా స్కోషియాలో, బ్యాడెక్ దగ్గర తన ఇంట్లో పోయాడు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలో ఫోన్లన్నీ ఒక్క నిమిషం ఆగాయి. చివరి క్షణాల్లో మేబెల్ నన్ను వదిలి వెళ్ళకు అని అడిగిందట. మాట రాని బెల్ వేళ్ళతో లేదు అని సైగ చేశాడని చెబుతారు. చేతులతో మొదలైన మనిషి చేతులతోనే ముగిశాడు. ఆ తర్వాత ఐదు నెలలకి మేబెల్ కూడా పోయింది.

శబ్దాన్ని కొలిచే డెసిబెల్‌లో ఉన్నది ఆయన పేరే. తాతయ్య ఆడియోగ్రామ్‌లో 60 డెసిబెల్స్ దగ్గర గీత ఉంటుంది. మామూలు చెవికి లీలగా వినపడే శబ్దం ఆయనకి అందాలంటే దాని శక్తి 10 లక్షల రెట్లు కావాలి. అప్పటిదాకా నాకది ఒక నంబర్.

తెనాలి చేరాక తాతయ్యని వరండాలో కూర్చోబెట్టి, ముఖం ఎదురుగా పెట్టి, అరవకుండా, అత్తయ్య అడిగింది అడిగినట్టు చెప్పా. ఆయన చాలాసేపు ఇంటి దూలాల వైపు చూశారు. తర్వాత నేను ఫోన్ సెట్టింగ్స్‌లో కారు పేరు తెరిచి, ఫోన్ కాల్స్ అన్న దాన్ని ఆఫ్ చేసి, పాటల్ని మాత్రం ఉంచా. ఆయన హియరింగ్ ఎయిడ్స్‌ని ఫోన్‌కి నేరుగా కలిపా. కారు స్పీకర్ అయితే టైర్ల చప్పుడు, ఏసీ హోరు అన్నీ కలిపి చెవిలోని మైకు పట్టుకుంటుంది. ఇలా అయితే అవతలి గొంతు ఒక్కటే సూటిగా చెవిలోకి వస్తుంది. పది నిమిషాల పని. రెండేళ్ళుగా చేయలేదు.

తాతయ్య అత్తయ్యకి ఫోన్ చేసి పెరట్లోకి నడుచుకుంటూ వెళ్ళారు. నలభై నిమిషాలు మాట్లాడారు. అత్తయ్య ఏమందో ఈసారి మాకెవరికీ వినపడలేదు. లోపలికి రాగానే నాన్న ఏమంది నాన్నా అని అడిగారు.

తాతయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, ఏం లేదురా అన్నారు.